తొడిమలు తీసే చెయ్యి

మా ఇంట్లో కోడళ్లం ఇద్దరం. పెద్దదాన్ని నేను. నాకు చేతులు వణుకుతాయి, చిన్నదానికి వణకవు. ముప్పై ఏళ్ల మా కాపురాల కథ మొత్తం ఈ రెండు ముక్కల్లోనే ఉందని అనుకునేదాన్ని.

నా వణుకు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. నలభై దాటాక అయి ఉంటుంది. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు. ఒళ్లో పెట్టుకున్న రెండు చేతులూ బుద్ధిగా పడుంటాయి. ఏదైనా పట్టుకుంటేనే తంటా. పళ్లెంలో టీ గ్లాసులు పెట్టుకుని వస్తున్నానంటే నాకంటే ముందు గ్లాసుల చప్పుడు వసారాలోకి వచ్చేది. సూదిలోకి దారం ఎక్కదు. పప్పు వడ్డిస్తే సగం అన్నం మీద, సగం విస్తరి అంచు మీద. నలుగురూ చూస్తున్నారంటే ఇంకా ఎక్కువ. చూడకండి అని అరవాలనిపించేది. ఒకటి రెండుసార్లు అరిచాను కూడా.

మా నాన్నకూ ఇంతే. పెళ్లిళ్లలో తాంబూలం అందుకుంటే చేతిలోంచి వక్కలు రాలిపడేవి. కల్లు రుచి ఎరగని మనిషి, అయినా ఊళ్లో సగం మంది ఆయన్ని తాగుబోతు కిందే జమకట్టేశారు. మా అత్తగారి ఊళ్లో నన్ను అంత మాట అనలేదు గానీ తలా ఒక కారణం చెప్పారు. పత్తిచేలో పురుగుమందు కొట్టిన మర్నాడే కలుపుకు దిగాను కాబట్టి అది ఒంటికి పట్టిందని ఒకరు. నరాల బలహీనత, నానబెట్టిన బాదంపప్పులు తినమని ఇంకొకరు. దిష్టి అని మా అత్తగారు. బాదంపప్పులు తిన్నాను. దిష్టి తీయించుకున్నాను. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

ఇక మా తోడికోడలు. నాకంటే నాలుగేళ్లు చిన్న. నా వెనక రెండేళ్లకు ఈ ఇంటికొచ్చింది. తర్వాత అన్నదమ్ములు విడిపోయి ఇంటి మధ్యలో గోడ లేపారు. వంటిళ్లు రెండయ్యాయి. ముందు వసారా, ఊరి బయట కళ్లం మాత్రం ఉమ్మడిగా ఉంచారు. అవి కూడా విడగొట్టి ఉంటే ఆమె చేతులు నా కంటబడేవి కావు, నా రక్తం అంత మరిగేదీ కాదు.

మాఘమాసంలో మిరపకోతలు అయ్యాక, ఏడాది కారానికని ఇంటికి కావాల్సిన కాయలు విడిగా తీసి, వసారాలో కూర్చుని తొడిమలు తీస్తాం. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడిమను పట్టి ఒక్క మెలి తిప్పాలి. కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు. ఆమె వేళ్లు అలా తిరుగుతూనే ఉంటాయి, కళ్లు టీవీ మీద ఉంటాయి. నా చేట సగమయ్యేసరికి ఆమెవి రెండు చేటలు అయ్యేవి. నేను తీసినవాటిలో సగం కాయలు చిట్లి గింజలు కాళ్ల కిందకి వచ్చేవి. మా అత్తగారు మంచం మీద నుంచి ఆ గింజల వంక చూసేది. ఏమీ అనేది కాదు. అంటే బాగుండేది.

అదైనా ఓర్చుకున్నాను. నా కూతురి పెళ్లి మాత్రం ఈనాటికీ మర్చిపోలేదు.

మా వైపు శుభలేఖ ఇస్తే పిలిచినట్టు కాదు. ఇంటి ఆడవాళ్లు గడపగడపకూ వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టలేదంటే ఎంత దగ్గరవాళ్లైనా పెళ్లికి రారు, పైగా పదేళ్లు చెప్పుకుంటారు. పెళ్లికూతురి తల్లిని కాబట్టి కుంకుమ భరిణె నేను పట్టుకున్నాను. మొదటి పిలుపు మా వియ్యపురాలి అక్కగారికి. తుళ్లూరు మనిషి. రాజధానికి భూమి ఇచ్చిన కుటుంబం, ఆ ధీమా అంతా నడకలోనే కనపడేది. పనిమీద మా ఊరు వచ్చి బంధువులింట్లో దిగింది. చుట్టూ పదిమంది చేరారు. నా చెయ్యి ఆమె నుదుటి దగ్గరికి వెళ్లేసరికి పత్తి ఆకు గాలికి ఊగినట్టు ఊగింది. బొట్టు కనుబొమ మీద పడింది. సరిచెయ్యబోతే ముక్కు మీదకి జారింది. ఆమె కళ్లు మూసుకుని, "కానివ్వండి, కానివ్వండి" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

గడప దిగగానే మా అత్తగారు అంది. "నువ్వు భరిణె పట్టుకోవే. చిన్నది పెడుతుందిలే బొట్టు."

అలా నా కూతురి పెళ్లికి ఊరందరికీ ఆమె బొట్టు పెట్టింది. నేను వెనకాల భరిణె పట్టుకుని నడిచాను. ప్రతి నుదుటి మీదా రూపాయి బిళ్ల అచ్చు గుద్దినట్టు గుండ్రంగా కూర్చునేది ఆ బొట్టు. ఒక్కటంటే ఒక్కటి పక్కకు పోతుందేమోనని ప్రతి ఇంట్లో చూశాను. పోలేదు. అప్పటినుంచి ఆమె చేతుల మీద నా కన్ను పడింది. తర్వాత ఎప్పుడూ తియ్యలేదు.

మూడు నాలుగేళ్ల కిందట ఆమెలో మార్పు మొదలైంది. అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. కుళ్లుకు కళ్లు ఎక్కువ కదా. గొంతు మెత్తబడింది. వసారా ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా మాట్లాడే మనిషి, దగ్గరికెళ్తే గానీ వినపడనంత సన్నగా మాట్లాడసాగింది. "చూడు, వయసొచ్చేకొద్దీ ఎంత నెమ్మదొచ్చిందో" అంది మా అత్తగారు, నా వంక చూసి. నడక చిన్నదైంది. కుడిచెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని, ఊపకుండా నడిచేది. "పెద్దింటి ఆడవాళ్ల నడకమ్మా అది" అన్నారు ఊళ్లోవాళ్లు. నవ్వినా మొహం పెద్దగా కదిలేది కాదు. దాన్ని హుందాతనం అన్నారు. డ్వాక్రా సమావేశంలో ఆమె సంతకం ఏడాదికేడాది చిన్నదై ఆవగింజల వరసలా తయారైంది. దాన్నీ మెచ్చుకున్నారు, ఎంత పొందికగా రాస్తుందోనని.

అన్నిటికంటే నా కడుపు మండించింది కుడిచెయ్యి. ఏ పనీ లేకుండా వసారాలో కూర్చున్నప్పుడు ఒళ్లో ఆ చెయ్యి వేళ్లు కదులుతూ ఉండేవి. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా తిరుగుతూ, తిరుగుతూ. అచ్చం మిరపకాయ తొడిమ తీసినట్టు. చూసినవాళ్లందరూ మురిసిపోయారు. మా అత్తగారు వచ్చినవాళ్లకల్లా చూపించేది.

"చూశారా, కూర్చున్నా దాని చెయ్యి తొడిమలు తీస్తానే ఉంటది. పని మరిగిన చెయ్యి ఊరుకోదమ్మా."

ఎదురుగా నేను. గ్లాసు పట్టుకుంటే ఊగిపోయే నా చేతులకు ఎవరూ ఒక మంచి మాట అనలేదు. నా చెయ్యి కదిలితే వణుకు, ఆమె చెయ్యి కదిలితే పనితనం. ఇదెక్కడి న్యాయం అనుకుని పళ్లు నూరుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పేది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పొద్దున చేలోకి వెళ్లేటప్పుడు డొంకదారిలో ఎవరూ లేకుండా చూసి, చేతులు ఊపకుండా నడవడం అలవాటు చేసుకున్నాను. ఆమెలాగే, కుడిచెయ్యి పక్కన బిగబట్టి. గొంతు తగ్గించి మాట్లాడి చూశాను. మూడో రోజు మా ఆయన, "ఏంటి, గొంతు పట్టుకుపోయిందా? మిరియాలు వేసి పాలు తాగు" అన్నాడు. అక్కడితో మానేశాను.

కిందటేడు దసరా దాటాక, ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూశాను. చేతులు వణికితే అది మంచాన పడేసే జబ్బుకు గుర్తని, ఆలస్యం చేస్తే అంతేనని అందులో ఒకతను కేకలు పెడుతున్నాడు. ఆ రోజు అన్నం సహించలేదు. గుంటూరులో ఉండే మా అమ్మాయి తిట్టి, రైలెక్కి రమ్మంది. నల్లపాడు దాటి బండి నిదానించే దాకా కిటికీ కమ్మీ పట్టుకున్న నా చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నాను.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మా అమ్మాయి ఈడు ఉంటుంది. మా అమ్మాయి ఫోన్ వచ్చి బయటికి వెళ్లింది, లోపల నేనొక్కదాన్నే. ఆమె నా చేతులు ముందుకు చాపించింది. తన వేలినీ నా ముక్కునూ మార్చి మార్చి తాకమంది. ఒక గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి పొయ్యమంది. సగం బల్ల మీద పోశాను. కాగితం ఇచ్చి జిలేబీ చుట్ట గియ్యమంది. గీస్తే గొంగళిపురుగు పాకినట్టు వచ్చింది. ఆ తర్వాత చేతులు ఒళ్లో వదిలేసి నెల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పమంది. చెప్తుంటే ఆమె నా మొహం చూడలేదు, ఒళ్లో చేతుల్ని చూసింది. అవి కదల్లేదు.

"మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉందా?" అంది.

నాన్న సంగతి చెప్పాను, వక్కల సంగతి కూడా.

"భయపడకండమ్మా" అంది. "పని చేస్తున్నప్పుడు వణకడం, రెండు చేతులకూ ఉండటం, ఇంట్లో పెద్దవాళ్లకు ఉండటం, ఇదొక రకం. చికాకు పెడుతుంది గానీ ప్రాణం మీదకు రాదు. కంగారుపడితే, టీలు ఎక్కువైతే, నిద్ర లేకపోతే పెరుగుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి కాబట్టి ఆ పరీక్ష ఒకటి చేయిద్దాం."

తగ్గే మాత్ర ఇవ్వమన్నాను. మిరప ఘాటుకు నాకు ఎప్పటినుంచో ఆయాసం. పీల్చే మందు వాడుతున్నాను. అది తెలిసి తల అడ్డంగా ఊపింది. ఆయాసం ఉన్నవాళ్లకు ఆ మాత్ర పడదట. ఇంకో రకం ఉందట గానీ మత్తుగా ఉంటుందట, అంత అవసరం వచ్చినప్పుడు చూద్దామంది. పీల్చే మందు కూడా వణుకును కాస్త పెంచుతుందట. అలాగని మానెయ్యొద్దని గట్టిగా చెప్పింది. అంటే నాకు జబ్బూ లేదు, మందూ లేదు. ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో, అదీ వణికే చేతులతో వెళ్లాలా అని ఒళ్లు మండింది.

"మరి భయపడాల్సిన వణుకు ఎట్టా ఉంటదండీ?" అన్నాను విసురుగా.

పాపం, ఆ పిల్ల విసుక్కోలేదు. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి రావాలంది. కొత్తగా ఏ మాత్రలైనా మొదలుపెట్టాక వణుకు వస్తే ఆ చీటీ తెచ్చి చూపించాలంది. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నెమ్మదిగా పెరిగే ఇంకో రకం గురించి చెప్పింది.

"అది పనిలో ఉన్నప్పుడు కాదమ్మా, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. ముందు ఒక పక్కనే మొదలవుతుంది. ఒళ్లో పెట్టుకున్న చేతిలో బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ ఉంటాయి. దాంతోపాటు మనిషి నిదానిస్తుంది. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగదు. అక్షరాలు చిన్నవైపోతాయి, గొంతు తగ్గుతుంది, మొహంలో కదలిక తగ్గుతుంది. కొందరికి వాసనలు తెలియవు. అలా ఉంటే ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. పూర్తిగా పోదు గానీ మందులున్నాయి. పడిపోకుండా చూసుకోవచ్చు."

ఆమె ఒక్కొక్కటే చెప్తుంటే ఎదురుగా డాక్టరమ్మ లేదు. మా వసారా ఉంది, అందులో మా తోడికోడలు ఉంది. వాసనలు అనగానే పోయిన వేసవిలో ఆమె వంటింట్లో తాలింపు మాడి నల్లపొగ నా వాటాలోకి వస్తే, పొయ్యి పక్కనే నిలబడి ఆమెకు తెలియకపోవడం గుర్తొచ్చింది. ఆ రోజు నేను లోపల్లోపల సంబరపడ్డాను.

సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆమె వసారాలో కూర్చుని ఉంది. "ఏమన్నారక్కా?" అంది, సన్నగా. ఆమె ఒళ్లోకి చూశాను. చెయ్యి తొడిమలు తీస్తోంది.

భయమేసింది. అది నిజం. కానీ అది ఆ సాయంత్రం వరకే ఉంది. ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి కదా. మర్నాటికి నా వణుకు సంగతి ఇల్లంతా తెలిసింది. "ఏమీ లేదంట, ఉత్తిదేనంట, దానికింత హడావిడి" అని మా అత్తగారు నవ్వింది. మా ఆయనా నవ్వాడు. అప్పుడనిపించింది, ఈమెది బయటపడితే అందరూ ఆమె చుట్టూ చేరతారు, నాది ఉత్తిదీ ఆమెది నిజమైనదీ అవుతుంది, చివరికి వణుకులో కూడా ఆమెదే గెలుపు అవుతుంది. ఇలాంటి ఆలోచన మనిషికి వస్తుందా అంటే వస్తుంది. నాకు వచ్చింది. చెప్పినా ఎవరు నమ్ముతారు, కుళ్లుబోతుది అంటారు అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజమే గానీ, అది సాకు.

కార్తీకం గడిచింది. పత్తి తీతలు అయ్యాయి. మిరపకోతలు మొదలయ్యాయి. నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. రోజూ ఆ చెయ్యి చూస్తూనే ఉన్నాను. కుడికాలు కాస్త ఈడుస్తోందని కూడా చూశాను. చెప్పులు ఆ పక్క ఎక్కువ అరిగాయి.

కళ్లంలో టార్పాలిన్ పట్టాల మీద కాయలు ఆరబోసి తాలు కాయలు ఏరుతున్నాం. మధ్యాహ్నం కావస్తోంది. అన్నాలకు లేద్దామని అందరం లేచాం. ఆమె లేచి నిలబడింది గానీ అడుగు పడలేదు. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఒక్క క్షణం ఆగింది. ముందుకు తూలింది. నేను రెండు బారల దూరంలో ఉన్నాను. ఎర్రటి కాయల మీద ఎడమచెయ్యి ఆనించి పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

పట్టా అంచు కాలికి తగిలిందన్నారు అందరూ. నాకు తెలుసు, పట్టా తగల్లేదు.

కట్టు కట్టించుకుని వచ్చాక వసారాలో మంచం వేశారు. పలకరించడానికి ఊరంతా వచ్చింది. ఎడమచెయ్యి పిండికట్టులో మెడకు వేలాడుతోంది. కుడిచెయ్యి ఒళ్లో, బొటనవేలు, చూపుడువేలు, తిరుగుతూ, తిరుగుతూ. నొప్పికేమో ఇంకా ఎక్కువైంది. మా అత్తగారు కళ్లొత్తుకుంటూ, "ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తని ఊరికే అన్లా. ఒక చెయ్యి విరిగినా రెండో చెయ్యి తొడిమలు తీస్తానే ఉంది నా తల్లి. పెద్దదానికి రెండు చేతులూ ఉండి ఏం లాభం?" అంది.

వచ్చినవాళ్లు అయ్యో అన్నారు. ఒకావిడ ఆ చేతిని తీసి కళ్లకద్దుకుంది.

నా చేతిలో టీ పళ్లెం ఉంది. దాన్ని నేల మీద పడేసినట్టు పెట్టాను. "అది పని కాదు! జబ్బు! ఆ చెయ్యి నాలుగేళ్ల నుంచి జబ్బుతో కదుల్తంది, మీరందరూ చప్పట్లు కొడతన్నారు!" అని అరిచాను.

జాలితో అరిచానని చెప్పుకుంటే బాగుంటుంది. ఆ కళ్లకద్దుకోవడం చూడలేక అరిచాను.

మా అత్తగారు తన మంచం మీద లేచి కూర్చుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నీ చెయ్యి వణుకుతుందని దాని చేతికి కూడా అంటగడతావా? ఎంత కుళ్లే నీకు!"

మా మరిది, అంటే ఆమె భర్త, "వదినా, ఇప్పుడా ఈ మాటలు?" అన్నాడు. ఒక్కరు కూడా నా పక్క లేరు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.

అప్పుడు ఆమె మాట్లాడింది. అందరూ ముందుకు వంగితే గానీ వినపడలేదు. "అక్క చెప్పింది నిజమే. దీన్ని ఆపుదామంటే ఆగట్లేదు. ఎప్పటినుంచో ఆగట్లేదు."

వారానికి గుంటూరు తీసుకెళ్లాం. మా మరిది, నేను, ఆమె. అదే డాక్టరమ్మ. ఎప్పటినుంచి అని అడిగితే మా మరిది తడబడ్డాడు. "ఏమోనండీ, ఈ మధ్యే" అన్నాడు. నేను అందుకున్నాను. చెయ్యి మొదలైన ఏడాది చెప్పాను. గొంతు ఎప్పుడు తగ్గిందో చెప్పాను. ఏ చెయ్యి ఊగదో, ఏ కాలు ఈడుస్తుందో, ఏ చెప్పు అరిగిందో, సంతకం ఎప్పుడు చిన్నదైందో, తాలింపు మాడినరోజు ఏం జరిగిందో అన్నీ చెప్పాను. డాక్టరమ్మ రాయడం ఆపి నా వంక చూసింది.

"కట్టుకున్నాయన చూడనివి కూడా చూశారే! తోడికోడలంటే అంత ప్రేమా?" అంది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమెకూ కాగితం ఇచ్చి జిలేబీ చుట్ట గియ్యమన్నారు. చిన్నగా, దగ్గరదగ్గరగా, వంకర లేకుండా గీసింది. నా గొంగళిపురుగు కంటే వంద రెట్లు బాగుంది. ఆ కుర్చీలో కూర్చుని కూడా నేను అదే పోల్చుకున్నాను. డాక్టరమ్మ మాత్రం ఆ చుట్ట చూసి పెదవి బిగించింది. అంత చిన్నగా ఉండటమే జబ్బట.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమె తల నా భుజం మీద పెట్టుకుంది. నోరు తెరిస్తే ఆ నాలుగు నెలల సంగతి బయటపడుతుందని నేను నిద్రపోయినట్టు కళ్లు మూసుకున్నాను.

మాత్రలు మొదలుపెట్టారు. ముందు వాంతులు, కళ్లు తిరగడం. డాక్టరమ్మ పొద్దునకింత, రాత్రికింత అని మోతాదు మార్చింది. రెండు నెలలకు గొంతు కొద్దిగా లేచింది. అడుగు కొంచెం సాగింది. కట్టు విప్పారు గానీ ఆ మణికట్టు ఒకవైపుకు వంగి అతికింది. నీళ్ల బిందె ఎత్తలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాలుగు నెలలు అని లోపల ఒక లెక్క తిరుగుతుంది. డాక్టరమ్మ ముందే చెప్పింది, పడిపోకుండా చూసుకోవచ్చని. విన్నది నేనొక్కదాన్నే.

ఈ శ్రావణంలో ఆమె కొడుకు పెళ్లి. బొట్టు పిలుపులకు బయల్దేరే రోజు పొద్దున, ఆమె మాత్ర వేసుకుని, అది పనిచేసే దాకా వసారాలో కూర్చుంది. మా అత్తగారు లోపల పట్టుచీర వెతుక్కుంటోంది. భరిణె నా చేతికి రాబోతోందని తెలుసు. నేనే ముందు చెయ్యి చాపాను.

"అక్కా, నువ్వు ముందు నాకు పెట్టు" అంది.

"వంకర పోద్దే."

"పోనీ."

భరిణె మూత తీశాను. చెయ్యి లేవలేదు. నోరు లేచింది. "నాకు దసరా అప్పుడే తెలుసు. డాక్టరమ్మ నాకు అన్నీ చెప్పింది. నీదే అని తెలిసి కూడా నాలుగు నెలలు నోరు మూసుకున్నా. నీ చెయ్యి నా మూలాన విరిగింది."

ఆమె నా వంక చూసింది. మొహం పెద్దగా కదల్లేదు. ఆ జబ్బులో మొహాన్ని చూసి ఏమీ చెప్పలేం.

"తెలుసక్కా" అంది.

"ఎట్టా తెలుసు?"

"ఆ రోజు నువ్వు గుంటూరు నుంచి వచ్చి నా చేతి వంక చూశావు. ముప్పై ఏళ్ల నుంచి చూస్తన్నావు, నాకు తెలీదా? ఎప్పుడు చూసినా నీ కళ్లల్లో కుళ్లే. ఆ రోజు అది లేదు. అప్పుడే భయమేసింది నాకు. ఏదో పెద్దదే వచ్చిందనుకున్నా."

"మరి నువ్వన్నా చెప్పొచ్చుగా!"

"ఎట్టా చెప్పను? అందరూ పనిమంతురాలంటన్నారు. జబ్బంటే ఆ ముక్క పోద్ది కదా" అంది. భరిణె వంక చూసి, "నువ్వైతే ఎప్పటికైనా ఓర్వలేక అరుస్తావని చూశా" అంది.

కుంకుమ తీసి ఆమె నుదుటి మీద పెట్టాను. చెయ్యి ఊగింది. బొట్టు ఎడమ కనుబొమ వైపు జారి తోకచుక్కలా సాగింది. పైట చెంగుతో తుడవబోతే తల వెనక్కి తీసుకుంది. "ఉండనీ" అంది.

అలాగే ఊళ్లోకి బయల్దేరింది. మొదటి ఇంటి ఇల్లాలు, "అదేంటమ్మా నీ బొట్టట్టా ఉంది?" అంటే, "మా అక్క పెట్టింది" అంది. నేను వెనకాల భరిణె పట్టుకుని నిలబడ్డాను. ఆమె వేలు కుంకుమలో ముంచి ఆ ఇల్లాలి నుదుటి మీద పెట్టింది. మాత్ర పనిచేస్తోంది. చెయ్యి రవ్వంత కూడా కదల్లేదు. బొట్టు గుండ్రంగా, పదేళ్ల కిందటిలాగే, నడిమధ్యన కూర్చుంది. నా చేతిలో భరిణె మూత టకటకలాడింది. ఆమె చేతికి మందుంది, నా చేతికి లేదు.

కడుపులో భగ్గుమంది. అదే పాత కుళ్లు. ఆమె చటుక్కున వెనక్కి తిరిగి నా కళ్లల్లోకి చూసింది. చూసి, చాలా ఏళ్ల తర్వాత, మొహమంతా కదిలేలా నవ్వింది.